సునీత కొట్టాల్సిన గంట

విజయనగరంలో మాది వీధివాళ్లంతా కలిసి నడుపుకునే చిన్న హైస్కూలు. టెన్త్‌లో ఫస్టొచ్చినవాళ్లు జూన్‌లో బడి తెరిచేరోజు తొలి గంట కొట్టాలి. మాకు అంతకుమించిన బహుమతి లేదు. మా బ్యాచ్‌లో పదికి పది తెచ్చుకుంది నా స్నేహితురాలు సునీత. రిజల్ట్స్ వచ్చాక విషజ్వరం దాన్ని తీసుకుపోయింది.

బడి తెరిచేరోజు, సెకండొచ్చిన నాకు హెడ్మాస్టరుగారు సుత్తి ఇచ్చారు. దాని గంట నేనెలా కొడతాను? ఆటోలో పిల్లల్ని దింపిన సునీత నాన్న గేటు దగ్గరే నిలబడిపోయాడు. వెళ్లి సుత్తి ఆయన చేతిలో పెట్టాను.

"నువ్వు కొట్టు మావా."

గంటగా వేలాడదీసిన రైలుపట్టా ముక్క మీద ఒక్క దెబ్బ కొట్టాడు.

"సెలవుల్లో ఇంట్లో కంచం మీద కొట్టి నేర్సుకుందమ్మా. సెవులు పోతన్నాయే అని నేనే తిట్టీవోణ్ణి" అన్నాడు.

ఇప్పుడు నేనూ టీచర్నే. బడిగంట మోగితే నాకు ఆ కంచం చప్పుడే వినిపిస్తుంది.