గురువారం మధ్యాహ్నం ఒసాకా

తొంభైల్లో దోహాలో మా కంపెనీకి గురువారం ఒంటిపూటే. మిగతా ఆఫీసుల వాళ్ళు తిని పడుకునే ఆ వేళకి మేం నలుగురు డ్రాఫ్ట్స్‌మెన్ మాత్రం అల్ సద్ ఆఫీసులో కర్టెన్లు దించుకుని ఒసాకా చూసేవాళ్ళం. చూపించేది మా జపాన్ మేనేజరు. యాభై దాటిన మనిషి. మామూలప్పుడు పెదవి దాటి మాట రాదు. స్లైడ్ ప్రొజెక్టర్ వెలిగిందంటే ఆపడం ఎవరి తరమూ కాదు.

అవన్నీ ఆయన చిన్నప్పటి వీధి బొమ్మలు. సాయంత్రం బూర ఊదుకుంటూ టోఫూ అనే సోయా పనీరు అమ్మేవాడు. వీధంతా కలిసి ఒకే తొట్టిలో దిగే స్నానశాల. టీవీ ఉన్న ఒక్క దుకాణం ముందు ముప్ఫై తలకాయలు. ప్రతి బొమ్మకీ చివర ఒకటే మాట: "ఇది లేదు. ఇప్పుడు లేదు." ఆ తర్వాత కళ్ళజోడు తుడుచుకునేవాడు. పాత ఇళ్ళ కోసం అంత ఇదైపోయే మనిషి కాంక్రీటు పోయించడానికే జీతం తీసుకుంటున్నాడని మాలో ఎవరం గుర్తు చేయలేదు.

నేనేం ఆయన మీద ప్రేమతో కూర్చోలేదు. ఆ ఏడాది మాలో ఒకణ్ణి ఆర్నెల్ల ట్రైనింగ్‌కి ఒసాకా పంపుతారన్నారు. ఎవరన్నది ఆయన ఇష్టం. వెళ్ళొస్తే ప్రమోషను, దాంతో ఫ్యామిలీ వీసా. పెళ్ళయి మూడేళ్ళు, నా భార్య గోదావరి అవతల, నేను ఇక్కడ. అందుకని ముందు కుర్చీలో కూర్చుని, టోఫూ బూర చెవిన పడ్డట్టే తల ఊపేవాణ్ణి. పక్క కుర్చీలో ఫిలిప్పినో లైటు ఆర్పగానే గుర్రు పెట్టేవాడు. పోటీకి ఒకడు తగ్గాడని నేను సంతోషించేవాణ్ణి.

శుక్రవారం మా గదికి భోజనానికి ఒకాయన వచ్చేవాడు. అనంతపురం మనిషి, ఓ అరబ్బు ఇంట్లో డ్రైవరు.

"ఏం సామీ, ఈ వారం గూడా ఏడ్చినాడా మీ జపానాయప్ప? మా వీధికి ఇప్పటికీ ఒగటే టీవీ ఉండాది. పిల్చకరా, చూసి ఏడుస్తాడు," అన్నాడోసారి.

అందరూ నవ్వారు. నాకు మాత్రం అది ఉపాయంలా తోచింది. ఇంటికి ఉత్తరం రాసి మా వీధి ఫొటోలు తెప్పించాను. సైకిల్ మీద బూర కొట్టే ఐసు అతను, ఆదివారం టీవీ ముందు జనం, పంచాయతీ కుళాయి దగ్గర బిందెల వరస. ఆ వరసలో మూడో మనిషి నా భార్య. చంకన ఖాళీ బిందెతో నవ్వుతోంది.

"వీధి కుళాయిని ఎవరన్నా ఫొటో తీయించుకుంటారాండీ?" అని రాసింది. "ప్రభువు దయవల్ల ఆ జపానేదో వెళ్ళొచ్చి నన్ను తొందరగా పిలిపించుకోండి."

"సార్, మీ ఒసాకా మా ఊళ్ళో ఉంది," అంటూ ఫొటోలు ఆయన చేతిలో పెట్టాను. ఐసు అతని బూర మీద ఆయన వేలు ఆగింది. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. ఇంకేం, మనసులో సూట్‌కేసు సర్దేసుకున్నాను.

శనివారం పిలిచాడు.

"నువ్వు ఒసాకా వెళ్ళొద్దు. అక్కడ ఏమీ లేదు. నీకు అన్నీ ఉన్నాయి."

"ట్రైనింగ్‌కి కదా సార్!"

"దానికి నీ పక్క కుర్చీ అతన్ని పంపుతున్నాను. పాపం, అతనికి పాతవి పట్టవు. ఇప్పటి ఒసాకా అతనికి సరిపోతుంది."

గుర్రు పెట్టినవాడు విమానం ఎక్కాడు. ఫొటోలు ఆయన దగ్గరే ఉండిపోయాయి.

రెండు వారాల తర్వాత గురువారం, లైట్లు ఆర్పాక తెర మీదికి మా కుళాయి వచ్చింది. ఫొటోలన్నీ స్లైడులు చేయించాడాయన. గోడంత ఎత్తున నా భార్య, చంకన ఖాళీ బిందె.

"ఇది ఉంది," అన్నాడు, కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఇప్పటికీ ఉంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె ముందు ఇంకా ఇద్దరున్నారు. ఆ వరసలో ఆమె మరో నాలుగేళ్ళు నిలబడ్డాక గానీ నాకు ఫ్యామిలీ వీసా రాలేదు. ఆ రోజు మాత్రం ముందు కుర్చీలో కూర్చుని, అలవాటుకొద్దీ తల ఊపాను.