అర వోల్టు చాలు

విల్‌ఫ్రెడ్ డాబ్స్‌కి అరవై తొమ్మిదేళ్లు. ఇంగ్లండులోని హంటింగ్‌డన్ చుట్టుపక్కల ఎవరింట్లో ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు మూగబోయినా ఆయన్నే పిలుస్తారు. ఆ స్పీకర్లలో వెంట్రుక కంటే పలచని ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాని మీద వేల వోల్టులుంటాయి. హద్దు మీరి విద్యుత్తు తోస్తే పొర కాలి చిల్లు పడుతుంది. పెద్ద యాంప్లిఫైయర్ కొన్నామని మురిసిపోయేవాళ్లని నలభై ఏళ్లుగా తిట్టి తిట్టి ఆయన నోరు అలిసిపోయింది. ఇప్పుడు నడుమూ అలిసిపోయింది.

ఆ మంగళవారం హెస్టర్ క్రోల్ ఇంటికి వెళ్లాడు. ఆవిడ భర్త లెనార్డ్ పోయి ఏడాది. బతికినన్నాళ్లూ ఆ మహానుభావుడు తన పాటల సెట్టు మీద దుమ్ము కూడా ఆవిడని తుడవనివ్వలేదు.

"నువ్వు ముట్టుకుంటే పాడవుతుంది అనేవాడండీ. పెళ్లయిన కొత్తలో అన్నాడు, పోయే ముందు వారం కూడా అన్నాడు," అంది హెస్టర్ టీ అందిస్తూ. "ఇక నా పాటలు నేనే పెట్టుకుంటా. శబ్దం పెంచే తగ్గించే ఆ పాత ప్రీయాంప్లిఫైయర్ డబ్బా చచ్చింది కదా, కేంబ్రిడ్జి బస్సెక్కి వెళ్లి కొత్తది నేనే కొన్నాను!"

"ఒక్కరే వెళ్లారా? గట్టివారే!"

కొత్తది మంచిదే. చిక్కల్లా స్పీకర్లని నడిపే పాత యాంప్లిఫైయర్‌తో దాని జోడీ కుదరడంలో ఉంది. పాతదానికి అర వోల్టు అందితే చాలు, పూర్తి జోరు అందుకుంటుంది. కొత్తది అంతకు నాలుగింతలు పోస్తుంది. రెంటికీ మధ్య చిన్న రెసిస్టర్లు పెట్టి జోరు తగ్గించాలి. డాబ్స్‌ని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కానీ రెసిస్టర్లు ఇంట్లో ఉండిపోయాయి. వెళ్లి రావడానికి గంట. నడుము పీకేస్తోంది. రెంటినీ నేరుగా కలిపేసి, రెసిస్టర్లు గురువారం వచ్చి పెడదాంలే అనుకున్నాడు. అందాకా ఆగమని చెబుదామంటే ఆవిడ సంబరం చూసి నోరు రాలేదు.

"శబ్దం నాబ్ నెమ్మదిగా తిప్పండమ్మా," అని మాత్రం అన్నాడు.

బుధవారం పొద్దున్నే ఫోను. వెళ్లేసరికి ఎడమ స్పీకరు దగ్గర కాలిన వాసన. హెస్టర్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నెమ్మదిగానే తిప్పానండీ. సగం కూడా పోలేదు, ఫట్‌మంది. ఆయన అన్నదే నిజం. నా చేయి పడితే ఇంతే. ఎవరికైనా అమ్మిపెట్టండి డాబ్స్ గారూ."

"వయసైపోయిన పొరమ్మా. ఎలాగూ పోయేదే."

"ఊరడించకండి. ఆయన చేతిలో ఇన్నేళ్లూ పోలేదుగా."

డాబ్స్ కుర్చీలో కూలబడ్డాడు. ఇంత చాకిరీకి ఆయనకు మిగిలిందల్లా పేరు. అది పోగొట్టుకోవాలని ఎవరికుంటుంది? కానీ చనిపోయినవాడు గెలవడం ఆయనకు సహించలేదు.

"కాల్చింది నేనమ్మా," అన్నాడు. "మధ్యలో రెసిస్టర్లు పెట్టాలి. తెలిసీ బద్ధకించాను. లెనార్డ్ తిప్పినా ఇలాగే పేలేది."

"లెనార్డ్ తిప్పినా?"

"ఆయనైతే ఇంకా ముందే పేల్చేవాడు."

హెస్టర్ ఆయన్ని ఎగాదిగా చూసింది. "నలభై నాలుగేళ్లు కాపురం చేశాను. తప్పు నాదే అన్న మగాణ్ణి ఇవాళే చూస్తున్నా."

గురువారం డాబ్స్ తన సొంత స్పీకర్లోంచి విప్పిన పొర తెచ్చి బిగించాడు. రెసిస్టర్లకు టంకం పెట్టాడు. ఇక లేచే ఓపిక లేక నేల మీదే గోడకి చేరగిలబడ్డాడు. హెస్టర్ నాబ్ మీద చేయి వేసి, కదపకుండా చాలాసేపు నిలబడింది. తర్వాత తిప్పింది. బృందగానం గదంతా నిండింది.

"ఇంకాస్త పెంచొచ్చా?" అంది.

"నన్నడుగుతారేంటమ్మా," అన్నాడు డాబ్స్ కళ్లు మూసుకునే. "సెట్టు మీది."