నేను చూడని మ్యూజియం

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా వస్తున్న రోజులవి. భీమవరం నుంచి వచ్చి, అమీర్‌పేటలో కోర్సు మీద కోర్సు చేస్తూ రెండేళ్లు ఖాళీగా ఉన్నాను. చివరికి చాలామందిలాగే నేనూ దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకున్నాను.

అక్కడి కన్సల్టెన్సీలో రెజ్యూమే తయారుచేసిన అన్న, "ఏడాది ఐస్‌లాండ్‌ల పనిచేసినవని పెట్టిన తమ్మీ. గాడికి ఎవ్వడు పోయిండని నిన్ను అడుగుతడు? ఫికర్ చెయ్యకు" అన్నాడు.

పంజగుట్టలో ఇంటర్వ్యూ. రెజ్యూమే చూడగానే ఎదురుగా ఉన్న పెద్దాయన ముఖం వెలిగిపోయింది.

"నేనూ అక్కడ రెండేళ్లు ఉన్నానండీ! నార్వే వైపు నుంచి వచ్చి స్థిరపడిన తొలివాళ్ల ఇల్లు తవ్వకాల్లో బయటపడిందే, ఆ మ్యూజియం చూశారా?"

"చూశానండీ. మూడో అంతస్తు నుంచి ఊరంతా కనిపిస్తుంది" అనేశాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. "అది నేల కింద ఉంటుంది బాబూ." రెజ్యూమే నా వైపు జరిపారు. "వెయ్యేళ్ల కిందట వాళ్లు వండుకున్న పొయ్యి ఇంకా అక్కడుంది. నువ్వు పనిచేసిన ఆనవాలు ఒక్కటైనా ఉందా?"

రెజ్యూమే తీసుకుని బయటికొచ్చేశాను. అమీర్‌పేట దాకా ఏడుస్తూనే నడిచాను.

తర్వాతి ఇంటర్వ్యూలో ఐస్‌లాండ్ ఎలా ఉంటుందని అడిగితే, నేల కిందున్న ఆ మ్యూజియం గురించి చెప్పాను. ఉద్యోగం వచ్చింది. పెళ్లయ్యాక మా ఆవిడకూ అదే చెప్పాను. ఇప్పుడు మా పాప ఆ పొయ్యి కథ చెప్పమని అడుగుతుంది. కళ్లారా చూసినట్టే చెబుతాను. ఈ అబద్ధంలోంచి నన్నిక ఎవరూ తవ్వి తీయలేరు.

మీ పత్రిక మా ఇంటికీ వస్తుంది. దయచేసి నా పేరు వేయకండి.