ఏడున్నర మిల్లీమీటర్లు

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, మే నెలలో, సూరత్ శివార్లలోని ఇచ్ఛాపూర్‌లో ఒక రసాయనాల కర్మాగారంలో వాహన విభాగానికి సీనియర్ ఫోర్‌మన్‌గా ఉన్నాను. వార్షిక మరమ్మతుల కోసం ప్లాంటు ఆపారు. ఆ ఉదయం ఏడుగురు ఫిట్టర్లు పెద్ద ట్యాంకులోకి దిగాలి. అంబులెన్సు సిద్ధంగా ఉందని నేను సంతకం చేస్తేనే వాళ్ళ అనుమతి పత్రం చెల్లుతుంది.

అంబులెన్సు సి.ఎన్.జి.తో నడిచే వ్యాను. ఎనిమిదింటికి స్టార్టు చేస్తే ఇంజను కుదుపులతో ఆగిపోయింది. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పించాను. రెండింటికి పింగాణీ పగిలింది. పగులుంటే కరెంటు పక్కదారి పట్టి స్పార్కు సరిగా పడదు. స్టోరు నుంచి కొత్త సెట్టు తెప్పించాను.

మెకానిక్ నర్సయ్య సిరిసిల్ల నుంచి వలస వచ్చిన నేత కుటుంబంవాడు. మొదటి సిలిండరులో ప్లగ్గును చేత్తో తిప్పుతూ ఆగాడు.

"సార్, జర చూడుండ్రి. ఆఖర్ల ఏందో తాకుతున్నది."

మరమ్మతుల మేనేజరు మా వెనకే నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. స్పానరుతో బిగించెయ్యమన్నాడు.

"గట్టిగ తిప్పమంటరా సార్?"

"వద్దు, విప్పు. తాళం ఎవరూ ముట్టుకోకండి," అన్నాను.

ప్లగ్గు కొనకు పిస్టన్ మీది మసి అంటింది. దాన్ని పాతదాని పక్కన పెట్టాను. లావు ఒకటే, స్పానరు సైజూ ఒకటే. మర ఉన్న భాగం మాత్రం పాతదానికి పంతొమ్మిది మిల్లీమీటర్లు, కొత్తదానికి ఇరవై ఆరున్నర. పిస్టన్ కింద ఉన్న వేళ అయితే అడ్డు లేకుండా బిగిసేది. తాళం తిప్పగానే పిస్టన్ పైకొచ్చి దాన్ని గుద్దేది.

ఆ సెట్టును సరిచూసి స్టోరులోకి తీసుకున్నది నేనే. పెట్టె మీది నంబరు సగం చదివి సంతకం పెట్టాను.

పాత ప్లగ్గులే వేసి బండిని గేటు దగ్గర నిలబెట్టమన్నాడు మేనేజరు, ఎలాగూ కదిలే అవసరం రాదని. తప్పు నాదేనని చెప్పాను, సంతకం మాత్రం చేయనన్నాను. ఆలస్యం నా పేరు మీద రాస్తానన్నాడు. రాయమన్నాను.

నర్సయ్య పాత ప్లగ్గు జేబులో వేసుకుని బైకు మీద ఊళ్ళోకి వెళ్ళాడు. ఫిట్టర్లు ట్యాంకు పక్కన కూర్చుని నా వైపే చూస్తున్నారు. గంటన్నర అలా గడిచింది.

"రెండు దుకాండ్ల గిట్ల పొడుగుయే ఇచ్చిండ్రు సార్. మూడో దాంట్ల దొరికినయ్," అంటూ నర్సయ్య తిరిగొచ్చాడు.

ఒక్కొక్కటీ కొలిచాం. కొన వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పే అంకెను, స్పార్కు దూకే సందును కూడా సరిచూశాం. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. పదకొండింటికి సంతకం చేశాను.

సాయంత్రం నాలుగింటికి ట్యాంకులో ఒక ఫిట్టరు స్పృహ తప్పాడు. అంబులెన్సు ఎక్కడా ఆగకుండా అతన్ని ఆసుపత్రికి చేర్చింది. రెండు రోజులకు నడిచి ఇంటికి వెళ్ళాడు. ఆలస్యానికి బాధ్యుడిగా నా పేరు నివేదికలో అలాగే ఉండిపోయింది. అది న్యాయమే.

ప్లగ్గును పెట్టె చూసి ఎంచుకోకూడదు. విప్పినదాన్ని పక్కన పెట్టి, కొలిచి ఎంచుకోవాలి. చేతికి అడ్డు తగిలితే, వెనక ఎవరు నిలబడి ఉన్నా, విప్పి చూడాలి.