బాల్కనీల అక్క పెట్టిన పొట్లపాదు

పొద్దున తలుపు తీసేసరికి కింది ఇంటామె నిలబడి ఉన్నది. చేతుల తడిసిన దుప్పటి లేదు. నాకదే ఆశ్చర్యమనిపించింది. ఎందుకంటే మొన్నమొన్నటిదాంక ఆమె మా గడప దిక్కు వచ్చిందంటే చేతుల ఏదో ఒక దుప్పటి ఉండేది, దాని మీద తెల్లటి చారలుండేవి, "సార్, మీ బాల్కనీ నుంచి మళ్ళ కారింది" అనే మాట ఉండేది. ఇయ్యాల ఖాళీ చేతులతోని వచ్చి, "సార్, ఈ నడుమ మీ దిక్కు నుంచి సుక్క నీళ్ళు పడ్తలేవు. అక్కగారికి పాణం బాగలేదా?" అని అడిగింది. ఊరికి పోయిందమ్మా అని చెప్పిన. "మళ్ళెప్పుడొస్తరు?" అన్నది. ఏమోనమ్మా అన్న. "అక్కగారిచ్చిన పొట్లకాయ మస్తు రుచిగుండె" అనుకుంట మెట్లు దిగిపోయింది. నేను తలుపేసి బాల్కనీల కుర్చీ ఏసుకొని కూసున్న. మా ఇంటామె రెండుసార్లు చాయ్ తెచ్చి పెట్టింది, రెండూ సల్లారిపోయినయ్.

నల్గొండల మా ఇల్లు మూడో అంతస్తు. నేను లెక్కల సారును. రిటైరైనంక పొద్దు పోక బాల్కనీల కూరగాయలు పెట్టిన. ఫోన్ల వీడియోలు చూసుకుంట, రంగు డబ్బాలకు బొక్కలు కొట్టి, పగిలిన బకెట్లల్ల మన్ను నింపి, స్కేలు పెట్టి కొలిచి మరీ ఇత్తులు నాటిన. టమాట చెట్టు నా భుజం దాంక పెరిగింది గానీ ఒక్క కాయ కాయలే. మిర్చికి ఆకుముడత తగిలింది. వంకాయ ఒక్కటంటే ఒక్కటి కాసింది. దాన్ని మా ఇంటామె కోయనియ్యలే. ఇంటికొచ్చినోళ్ళకు చూపెట్టనీకె ఉండనీ అన్నది. అది చెట్టు మీదనే ముదిరి, పండి, పసుపుపచ్చగై రాలిపోయింది. బజార్ల దొరికేదానికి ఎందుకీ తిప్పలని బిడ్డ అడిగితే, మనసుకు నిమ్మళంగా ఉంటదమ్మా అని చెప్పిన. అది వీడియోల మాట, నాది గాదు. నాకు నిమ్మళమేం లేదు. తడి మన్ను వాసన తగిలినప్పుడల్లా నాకు అక్క యాదికొస్తది, అక్క యాదికొస్తే లోపల ఎక్కడ్నో కలుక్కుమంటది. అయినా పొద్దుగాల లేచి మళ్ళ ఆ మన్నుల్నే చేతులు పెడుతుంటి.

అక్క నాకన్న ఆరేండ్లు పెద్దది. దేవరకొండ తొవ్వల ఉన్న మా ఊర్ల, అమ్మ నాయిన పోయినంక ఒక్కతే ఉంటది. ఆమె కాళ్ళు మోకాళ్ళ కాడ బయటికి వంగి ఉంటయి, ఇంత పెద్ద పొట్టేలు నడుమల నుంచి దూరిపోతదని ఆమెనే నవ్వుకుంట చెప్తది. మెడ తిరగదు. ఎవలన్న పిలిస్తే తల తిప్పదు, మనిషే మొత్తం తిరుగుతది. అందుకే అక్క ఎవల దిక్కు చూసినా నిండుగ చూసినట్టుంటది. పోయిన వానకాలం ఇంటి ఎనక గోడ కూలింది. పక్కింటోళ్ళు ఫోన్ చేస్తే పోయిన. మేస్త్రిని మాట్లాడి పని అప్పజెప్పి, గోడ లేసేదాంక నా దగ్గర ఉందువు పా అని అక్కను తోలుకొచ్చిన.

ఆమె బస్సెక్కేటప్పుడు చేతిల ఒక బట్టల సంచి, ఒక గోనె సంచి ఉన్నయ్. గోనె సంచి వాసనకు ముందు సీట్లోళ్ళు కొంగులు, కండువలు ముక్కులకు అడ్డం పెట్టుకున్నరు. కండక్టరు వచ్చి, "ఏమున్నదమ్మా అండ్ల?" అన్నడు. "బంగారం" అన్నది అక్క. "బంగారానికి గీ వాసనేంది?" అన్నడాయన. "గొర్లు పెట్టిన బంగారం బిడ్డా, గిట్లనే ఉంటది" అన్నది. బస్సంత నవ్వింది. నేను ఫోన్ల నా తోట గోస చెప్పుకున్నది మనసుల పెట్టుకొని, గొర్రె పెంట ఎండబెట్టి నలిపి తెచ్చిందామె. మా నాయిన గొర్లు కాసినోడు. గొర్లు పోయి ఎన్నేండ్లైనా ఆ పెంట ఎవల దొడ్డిల మంచిగుంటదో అక్కకు ఎరుకే.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకముందే బాల్కనీలకు పోయి నా డబ్బాలన్నీ చూసింది. "ఇవి చెట్లు గావురా తమ్మీ, హాస్టల్ పోరగాండ్లు. ఏళకింత పెడ్తే తింటున్నరు, ఎవలూ మాట్లాడిచ్చెటోళ్ళు లేరు" అన్నది. ఆ తెల్లారే టమాటకు సగం కొమ్మలు తుంచేసింది, మిర్చిని పీకి అవతల పడేసింది, ఊరి నుంచి కొంగుల ముడేసుకొచ్చిన ఇత్తులు పెట్టింది. పుంటికూర, చిక్కుడు, పొట్ల. నల్లా నీళ్ళు మాత్రం చెట్లకు పొయ్యనియ్యలే. మొదటి రోజు గిలాసల నీళ్ళు పట్టి, నిలబడి తాగి, "మా కాడికొచ్చేటివి గూడ గీ కృష్ణ నీళ్ళే. గింత మంచి నీళ్ళు మట్టిల పోస్తరా ఎవలన్న?" అన్నది. ఇగ బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు అన్నీ ఒక బకెట్ల పట్టి అవే పోసేది. కింది ఇంటి దుప్పట్ల మీద తెల్ల చారలు ఆ బియ్యం నీళ్ళవే. ఆమె కోపంతోని పైకొస్తే అక్క నవ్వుకుంట పుంటికూర కట్ట చేతిల పెట్టి పంపేది. కొన్నాళ్ళకు నాకు అనుమానమొచ్చింది, ఆమె దుప్పటి కోసం వస్తున్నదా, పుంటికూర కోసం వస్తున్నదా అని.

అక్క బకెట్ ఎత్తినప్పుడల్లా నేను ఉరికి పోయి గుంజుకునేది. ఆమె వంగితే నా నడుము నొచ్చేది. ఎందుకంటే నేను ఆమెను మొదటిసారి అట్ల వంగంగ చూసింది మా ఇంటి ముంగటి బోరింగు కాడ. నా చిన్నప్పుడు ఆ బోరింగు మా ఇంటి ముంగట్నే పడ్డదని మేమెంత మురిసినమో. వాడ వాడంత బిందెలు పట్టుకొని మా గడప ముంగట్కి రావాలె మరి. పొద్దుగాల ఆ పంపు కొట్టే కిర్రు కిర్రు సప్పుడుకే నేను లేచేది. కొట్టేది అక్క. ఇంట్లకు, గొర్లకు, పెరట్ల పాదులకు, అన్నిటికి ఆమెనే కొట్టాలె. పెరట్ల కంచె మీద చిక్కుడు, పందిరి మీద పొట్ల. నా పని చెంబుతోని పొయ్యుడు. "ఆకు మీద గాదురా, మొదట్ల పొయ్యి. మొదలు తాగితే ఆకు తాగినట్టే" అని ఎనక నుంచి అంటుండేది. ఆ నీళ్ళే మేము తాగినం, ఆ నీళ్ళే చిక్కుడు తాగింది. ఆ నీళ్ళల్ల ఏమున్నదో మాకెవలికి ఎరుక లేదు. ఊర్ల నడుములు వంగినోళ్ళను చూసి వాతం అనేటోళ్ళు. అది నీళ్ళల్ల ఫ్లోరైడని దవాఖానల చెప్పేనాటికి అక్క ఎముకలకు చెప్పి లాభం లేకుండె.

నాకు తొమ్మిదేండ్లప్పుడు మా మేనమామ వచ్చిండు. జడ్చర్ల చౌరస్తల ఆయనకు చిన్న చాయ్ హోటల్ ఉండె. పోరడు నా దగ్గరుండి సదువుకుంటడు అన్నడు. నాయిన సరేనన్నడు. అక్కను పంపుదామా అని ఎవలూ అనలే, ఎందుకంటే అక్క పోతే గొర్లెవలు చూడాలె, నీళ్ళెవలు తేవాలె. ఆ మాట కూడ ఎవలూ పైకి అనలే, అది అందరికి తెలిసిన సంగతే. మామ ఇంటి బాయి నీళ్ళు మంచివి. అవి తాగి నేను నిటారుగ పెరిగిన. ఒక్కో సెలవుకు ఇంటికి పోతే అక్క పక్కన నిలబడి ఎత్తు చూసుకునేది నాకొక ఆట. ముందు ఆమె భుజం దాంక వచ్చిన, తర్వాత చెవి దాంక. ఒక దసరాకు పోతే ఆమెకన్న వేలెడు ఎత్తైన. సంబురంతోని ఎగిరి దునికిన, "అక్కను దాటిన" అని వాడంత చెప్పుకుంట ఉరికిన. అక్క గూడ చప్పట్లు కొట్టింది. నేను పెరిగింది ఎంతో, ఆమె వంగింది ఎంతో ఆ పూట ఎవలూ లెక్క కట్టలే. తర్వాత లెక్కల సారునై ఎన్ని లెక్కలు చెప్పినా, గా ఒక్క లెక్క దగ్గరికి నేను పోలే. ఆ తర్వాత ఆమెను చూడనీకె వచ్చిన సంబంధాలోళ్ళు నడక చూసి ఎనకకు తిరిగిండ్రు. నేను సదివిన, నౌకరి చేసిన, పెండ్లి చేసుకున్న. ఒక్కదాంట్ల గూడ నా తప్పు లేదు. తప్పు లేకపోవుడే నాకు బరువైంది. తప్పుంటే కాళ్ళ మీద పడి మాఫ్ చేయుమని అడుగొచ్చు. లేని తప్పుకు ఏమని అడుగుతం?

చలికాలానికి బాల్కనీ నిండింది. చిక్కుడు తీగ కిటికీ జాలి మొత్తం అల్లుకున్నది. పొట్లపాదు బట్టలారేసే తాళ్ళ మీదికి పాకి కిందికి పిందెలు దించింది. పొట్లకాయను అట్లనే ఇడిస్తే పాములెక్క సుట్టుకుంటది. అక్క చిన్న చిన్న రాళ్ళకు దారం కట్టి, ఒక్కో పిందె కొనకు ఏలాడదీసింది. ఆ బరువుకు కాయ సక్కగ దిగుతది. ఆదివారం బిడ్డ, మనుమరాలు వచ్చిండ్రు. మనుమరాలికి అప్పుడప్పుడే మాటలు బాగ వస్తున్నయ్. ఆ పిల్ల రాళ్ళను చూసి ఎందుకు కట్టినవ్ అని అడిగింది. "వంకర పోకుండ బిడ్డా" అన్నది అక్క. పిల్ల అక్క కాళ్ళ దిక్కు చూసి, "మరి పెద్దవ్వా, నువ్వు చిన్నగున్నప్పుడు నీ కాళ్ళకు ఎవ్వరు రాయి కట్టలేదా?" అని అడిగింది.

బిడ్డ పిల్లను గదుమబోయింది. అక్క చేయి అడ్డం పెట్టింది. "కట్టేటోళ్ళు ఎవలున్నరే బిడ్డా, అందరికి నేనే కట్టుకుంట తిరిగితిని" అని పకపకా నవ్వింది. నిజంగనే నవ్వింది, ఆ నవ్వుల ఇంకేం లేదు. నేను మాత్రం మంచినీళ్ళు తాగొస్త అని లోపలికి పోయి, వంటింట్ల నల్లా ఇప్పి, ఆ నీళ్ళ దిక్కు చూసుకుంట నిలబడ్డ. చేతిల గిలాసున్నది గానీ తాగబుద్ధి కాలే.

ఆ సాయంత్రమే మేస్త్రి ఫోన్ చేసి, "సార్, గోడ పనైపోయింది, గూనపెంకలు గూడ సదిరినం, అక్కగారిని తోలుకరాండ్రి" అన్నడు. నేను బాల్కనీ దిక్కు చూసి, మెల్లగ, "ఆమెకు చెప్పకు, నేను చెప్త" అన్న. చెప్పలే. ఎప్పుడడిగినా సిమెంట్ దొరుకుతలేదన్న, మేస్త్రికి జరమన్న, మంచిరోజులు లేవన్న. అక్క ఇక్కడుంటే, ఈ నీళ్ళు తాగితే, నేను బకెట్ గుంజుకుంటుంటే నా లోపలి సలుపు జర తగ్గేది. దాన్ని నేను ప్రేమ అనుకున్న.

కొన్నాళ్ళకు పక్కింటి వదినె అక్కకు ఫోన్ చేసి, ఇల్లు అద్దం లెక్క ఉన్నది, ఎప్పుడొస్తవ్ అని అడిగిందట. నేను బజారు నుంచి వచ్చేసరికి అక్క బట్టల సంచి సదురుకొని కూసున్నది. "గోడ ఎన్నడో లేసిందట గదరా" అన్నది. ఎవలు చెప్పిండ్రన్న. "ఎవలు చెప్తే ఏంది? నాకు నువ్వెందుకు చెప్పలే?"

"ఆడ ఒక్కదానివి ఎట్లుంటవక్కా?"

"ఇన్నేండ్లు ఎట్లున్ననో గట్లనే. అసలు సంగతి చెప్పు."

ఇగ ఆపుకోలేకపోయిన. "నేను జడ్చర్ల నీళ్ళు తాగిన, నువ్వు ఆ బోరింగు నీళ్ళు తాగినవ్. నిన్ను చూస్తుంటే నాకు తిన్నది ఒంటబడ్తలేదక్కా" అన్న. మా ఇంటామె టీవీ బంద్ చేసింది.

అక్క నా దిక్కు మొత్తం తిరిగింది. "నువ్వు పోయినంక ఇంట్ల పాలన్నీ నేనొక్కదాన్నే తాగిన. దానికి నేనేమన్న ఇన్నేండ్లు కుమిలిపోతున్ననా?" అన్నది. నేను నవ్వలే. ఆమె గొంతు మెత్తబడ్డది. "తొమ్మిదేండ్ల పోరనివి, నీకేమెరుక తమ్మీ. నీ మీద నాకు ఎన్నడూ కోపం లేకుండె. ఇప్పుడొచ్చింది. నీ కడుపుల మంట సల్లారనీకె నన్నీడ కూసోబెట్టినవ్. నేను డబ్బాల చెట్టును గాదురా. నాకో పెరడున్నది, మాట్లాడెటోళ్ళున్నరు, చేసుకునే పనున్నది. బకెట్ ఎత్తితే గుంజుకుంటవ్, వంగితే అడ్డమొస్తవ్. కాళ్ళు వంకరైనంక గూడ నేను బతికినరా. ఆ బతికింది నీకు కనబడ్తలేదు, వంకరే కనబడ్తున్నది."

మర్నాడు తోలుకపోయిన. ఇంటి ముంగట బోరింగు లేదు, ఎన్నడో పీకేసిండ్రు, ఆ జాగల కొత్త నల్లా ఉన్నది. అక్క తాళం తీసి, చీపురు పట్టి, బిందె కడిగి నల్లా కింద పెట్టింది. నిండినంక ఎత్తనీకె వంగింది. నేను అరుగు మీద నుంచి సగం లేచిన. లేచి, మళ్ళ కూసున్న. నా జీవితంల అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలే. ఆమె రెండుసార్లు ఊపిరి పట్టుకొని బిందెను నడుముకెత్తుకున్నది, గోడ పట్టుకొని లోపలికి పోయింది, చాయ్ పెట్టుకొచ్చింది.

ఇప్పుడు ఆదివారాలు నేనే పోతున్న. పెరట్ల గడ్డపార పట్టుకొని ఆమె చెప్పిన కాడ తవ్వుత, తప్పు తవ్వితే తిట్లు తింట. నా లోపలి సలుపు పోయిందని చెప్పలేను, పోలే. అది నాది, నేనే మొయ్యాలె, ఆమెకు ఎత్తొద్దని మాత్రం తెలిసొచ్చింది. మంచినీళ్ళు నా దగ్గరికి నా తొమ్మిదో ఏట వచ్చినయ్, అక్క గడపకు తల నెరిసినంక వచ్చినయ్. ఆ నడుమ పోయిన కాలాన్ని ఎంత లోతుకు తవ్వినా, ఎవలమూ తోడి పొయ్యలేం.