కోటు బరువు

మొన్న బీర్‌గావ్‌లోని అద్దె ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకుపెట్టె అడుగున నాన్న ఖాకీ కోటు చేతికి తగిలింది. పైకెత్తగానే ఆ బరువుకు చెయ్యి ఆగిపోయింది. జేబులు తడమలేదు, లోపల ఏముందో నాకు తెలుసు.

నాన్న రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయ్యారు. అన్నవాహికలో క్యాన్సరని తేలేనాటికి నాకు ఉర్లా ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో ఉద్యోగం. కీమో, రేడియేషన్ కలిపి ఐదు వారాలు, ఆ మీద ఆరు వారాలు విరామం, తర్వాత ఆపరేషన్ అని డాక్టరుగారు చెప్పిన క్రమాన్ని నేను గ్రాఫు కాగితం మీద గీసి గోడకు అంటించాను. విరామంలో బరువు యాభై కిలోలకు తగ్గితే వెంటనే చెప్పమన్నారు, ముక్కు గుండా గొట్టం వేసి ఆహారం పంపిస్తారట. కండ పోతే ఆపరేషన్‌కు తట్టుకోలేరన్నారు.

ప్రతి ఆదివారం పొద్దున్నే తూచేవాణ్ణి. చలికి నాన్న కోటు విప్పేవారు కాదు. అందుకని దాన్ని విరామానికి ముందే విడిగా తూచి, ఆ అంకెను ప్రతిసారీ తీసేసేవాణ్ణి. "సరిగ్గా నిలబడవయ్యా, ఇంజినీరుగారు రాసుకుంతన్నారు" అని అమ్మ వేళాకోళమాడేది. గీత యాభైకి పైనే నిలకడగా సాగింది. చెంపలు లోపలికి పోతున్నా, గంజి కూడా గొంతు దిగడం లేదని అమ్మ గొణుగుతున్నా, నేను గీతనే నమ్మి డాక్టరుగారికి ఫోనులో అదే చెప్పాను.

ఆపరేషన్ కోసం చేర్చిన రోజున ఆస్పత్రి గౌను తొడిగి తూచారు. నా గీత చూపినదానికంటే మూడు కిలోలు తక్కువ. నేను యంత్రాన్ని అనుమానించి మళ్లీ తూచమన్నాను. అప్పుడు నాన్న మంచం మీది కోటు వైపు చూశారు. తడిమితే జేబుల్లో అరకిలో చొప్పున తూగే ఆరు వ్యాగన్ నట్లు, విరామంలో వారానికొకటి.

"నాను ట్యాంకర్ వ్యాగన్నేటిరా, పైపు పెట్టి నింపడానికి?" అన్నారు, నవ్వబోయి.

ఆపరేషన్ వాయిదా వేశారు. చివరికి గొట్టమే వేశారు. బరువు కొంచెం పుంజుకునేలోగా నిమ్ము చేసింది, అది తగ్గేసరికి జబ్బు కాలేయానికి పాకింది. ఆ రోజే కోసి ఉంటే బతికేవారా అని అడిగితే, చెప్పలేమన్నారు డాక్టరుగారు. నాన్న ఆ వేసవి దాటలేదు.

ఫ్యాక్టరీలో ఇప్పటికీ తూకాలూ కొలతలే నా పని. తెలీబంధాలో కొత్తగా చేరిన ఇంట్లో మాత్రం తూకం యంత్రం లేదు. అమ్మ చిక్కిపోతోందేమోనని అనుమానం వస్తే పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటాను, గాజులు మోచేతి వైపు ఎంతదాకా జారుతున్నాయో చూస్తాను.