రెండు గంటల సైరన్

స్టీలు ప్లాంటులో ఫస్ట్ షిఫ్ట్ ముగిసే రెండు గంటల సైరన్ మోగితే, సెక్టర్ 4లో మా వరుస క్వార్టర్ల పిల్లలంతా నాన్నల సైకిళ్ళకు ఎదురెళ్ళేవారు. మా నాలుగేళ్ళ పిల్ల మాత్రం మంచం కిందకు దూరేది. నేను వస్తున్నానని.

తప్పు నాదే. ఆ చలికాలం ఒకరోజు స్నానానికి సిగ్డీ బొగ్గుల పొయ్యి మీద మరిగిన నీళ్ళు దించి, బకెట్టులో పోసి, చన్నీళ్ళు కలపకుండానే తువ్వాలు కోసం లోపలికెళ్ళాను. పిల్ల బకెట్టు మీదకు లాక్కుంది. మోకాలి వెనక కాలిన పుండు మానింది గానీ, చర్మం బిగుసుకుపోయి కాలు వంగే ఉండిపోయింది. రోజూ సాగదీయకపోతే జన్మంతా కుంటుతుందన్నాడు డాక్టరు.

"నా వల్ల కాదండి, మీరే చెయ్యండి" అని నా భార్య వంటింట్లోకి పోయి తలుపేసుకునేది. నేను పిల్లను మంచం కింద నుంచి లాగి, నూనె రాసి, మడమ పట్టుకుని కాలు చాపించేవాణ్ణి. యాభై లెక్కపెట్టేదాకా వదలకూడదు. నన్ను నాన్నా అనకుండా, వీధిలోని హిందీ పిల్లల్లాగే పాపా అని పిలిచేది. "పాపా, ఛోడో, వదులు" అని గింజుకునేది. ప్లాంటులో క్రేన్‌తో టన్నుల ఇనుము ఎత్తేవాణ్ణి, ఆ చిట్టికాలు పట్టుకుని కళ్ళు మూసుకుని లెక్కపెట్టేవాణ్ణి.

ఒక ఆదివారం సెక్టర్ 7లో, మా తెలుగువాళ్ళ ప్రార్థన కూటంలో, దేవుడు తండ్రిలాంటివాడని పెద్దాయన చెబుతుంటే నాకు ఒళ్ళు మండింది. "నేనూ తండ్రినేనండి. తండ్రంటే ఏటో మా పిల్లనడగండి" అని లేచి వచ్చేశాను.

మర్నాడు లెక్క ముప్ఫై దాటేసరికి పిల్ల అరుపు ఆగింది. గొంతు పోయింది. యాభై అయ్యాక వదిలేశాను. వాళ్ళమ్మ దగ్గరకు పోతుందనుకున్నాను. పాక్కుంటూ నా ఒళ్ళోకే వచ్చింది. చొక్కా పట్టుకుని, వెక్కుతూ, నా చెవిలో చెప్పింది.

"పాపా, కాలు లాగే ఆ పాపాకి చెప్పవా. రేపు రావొద్దని."

చెప్తానమ్మా అన్నాను. ఇంకేమనను? ఆ నూనె చేతులతోనే వీపు నిమురుతూ కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నేనూ దేవుడి మీద దేవుడికే కదా మొరపెట్టుకుంటున్నది అనిపించింది. ఆయన మాత్రం ఏమని జవాబు చెబుతాడు?

మర్నాడు రెండు గంటలకు సైరన్ మోగింది. సైకిలు ఎక్కబుద్ధి కాలేదు. నడిపించుకుంటూ ఇంటికి వెళ్ళి, మంచం కిందకు వంగి చెయ్యి చాచాను.